నలుగురు కొలిచిన బల్ల

అనగా అనగా, గోదారి కాలవ ఒడ్డున ఒక ఊళ్ళో ఒక పూలసందు ఉండేది. అందులో కళ్ళు మూసుకుని నడిచినా ఎవరి కొట్టు ముందున్నావో నీ ముక్కే చెప్పేస్తుంది. ఇక్కడ మల్లెలు, అక్కడ మరువం, ఆ చివర కొబ్బరికాయలు. నువ్వు కూడా కళ్ళు మూసుకో. ఊఁ కొట్టడం మాత్రం మానకు.

ఆ సందు మూల మీద నూకరత్నం అని ఒకావిడ పూలు అమ్మేది. మహా మాట పొదుపు మనిషి. పక్కవాళ్ళంతా రండమ్మా రండి అని గొంతు చించుకుంటుంటే, ఈవిడ మొగ్గల మీద నాలుగు నీళ్ళు చిలకరించి ఊరుకునేది. వచ్చేవాళ్ళు ఎలాగూ వచ్చేవాళ్ళు.

ఆ మూల చోటు ఆవిడకి అత్తగారు పేరంటాలు ఇచ్చింది. మోకాళ్ళు పట్టేశాక అత్తగారు ఇంట్లో కూర్చుని దండలు కట్టేది, కోడలు తీసుకెళ్ళి అమ్మేది. నూకరత్నం మొగుడు ముత్యాలు పెళ్ళిమేళంలో డోలు వాయించేవాడు. కూతురు రామతులసికి పదిహేడేళ్ళు. తల్లి వాడకుండా మిగిల్చిన మాటలన్నీ ఆ పిల్లే వాడేసేది.

ఆ మూల చోటుకి ఒక వంకర ఉంది. గోడ వైపు ఎత్తు, మురుక్కాలవ వైపు పల్లం. పైగా సందు లోపలి నుంచి వచ్చే వాలు కూడా అక్కడే కలిసేది. అందుకని అక్కడ కూర్చున్నవాళ్ళు గోడ వైపుకి ఒరిగి కూర్చోవాలి. లేకపోతే బుట్టతో సహా కాలవలోకి జారిపోతారు. పేరంటాలు అన్నేళ్ళు అలా ఒరిగి ఒరిగి, ఇంట్లో చదును నేల మీద కూర్చున్నా ఒక పక్కకే ఒరిగేది. రామతులసి చూసి, మా మామ్మ పడవెక్కింది అని నవ్వేది.

సరే, ఒకనాడు ఏం జరిగిందంటే, బళ్ళో పంతులుగారి పదవీ విరమణకని పెద్ద దండ ఒకటి చెయ్యమన్నారు. బంతీ చామంతీ కలిపి, మధ్యలో కనకాంబరాలు, అడుగున గులాబీల కుచ్చు. నూకరత్నం దాన్ని తడిగుడ్డ మీద పరిచి, అరటినార కోసం ఇలా వెనక్కి తిరిగింది. అలా ముందుకి తిరిగేసరికి ఎదురుగా మేక. గాజులమ్మే పాపయ్యది. దాని మూతికి గులాబీ కుచ్చు వేలాడుతోంది.

అప్పుడు దండకి ఆ కొస మేక పట్టుకుంది, ఈ కొస నూకరత్నం పట్టుకుంది. ఆవిడ లాగింది, మేక నమిలింది. ఆవిడ ఇంకా లాగింది, మేక ఇంకా నమిలింది. ఆఖరికి ఆవిడ చేతికి నార మిగిలింది. పాపం పంతులుగారి మెడలో ఆ సాయంత్రం తువ్వాలు వేసి పంపించారు.

ఆ రోజు నుంచి నూకరత్నం గుండె గుండెలో లేదు. ఎక్కడ మే అని వినబడినా ఉలిక్కిపడేది. సైకిల్ బెల్లు మోగినా బుట్ట ఒళ్ళోకి లాక్కునేది. అత్తగారు కునుకు తీస్తూ గురక పెడితే, లేచి వెళ్ళి పూల మీద తట్ట బోర్లించి వచ్చేది. అసలే తక్కువ మాటలు. అవి కూడా తగ్గిపోయాయి.

ఆ తర్వాత ఇంకో చిక్కు వచ్చి పడింది.

కొబ్బరికాయల అబ్బులుగారు ఆ సందుకి పెద్ద. వాన పడితే సందులో నీళ్ళు పారేవి, కింద పెట్టిన బుట్టలు తేలిపోయేవి. పోయినేడు ఎవరిదో బల్ల ఊగి ఊగి పడిపోయి, అబ్బులుగారి కొబ్బరికాయల రాశిని కూడా తన్నేసింది. కాయలన్నీ కాలవలో పడి, బాతుల్లాగా వరసగా ఈదుకుంటూ పక్క ఊరు వెళ్ళిపోయాయి. ఆయనకి ఆ బాధ ఇంకా తీరలేదు.

అందుకని ఆయన అందర్నీ పిలిచి చెప్పాడు. శ్రావణమాసం మొదటి శుక్రవారం నుంచి ఎవరూ నేల మీద కూర్చోకూడదు. అందరికీ బల్లలుండాలి. బల్ల ఊగకూడదు, ఒరగకూడదు. ఆయనే వచ్చి ఒక్కో బల్ల మీద నిమ్మకాయ పెట్టి చూస్తాడు. నిమ్మకాయ నిలిస్తే చోటు నిలుస్తుంది. నిమ్మకాయ దొర్లితే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

నూకరత్నం మూల మీద కన్ను వేసింది ఎవరనుకున్నావు? ఆ గాజుల పాపయ్యే. మేక పూలు తింది, మేకగలాయన చోటు తిందామనుకున్నాడు. అప్పటికే పట్నం నుంచి మడతబల్ల తెప్పించుకుని, రోజూ గుడ్డ పెట్టి తుడుచుకుంటున్నాడు. ఇనప కాళ్ళు, అద్దంలాంటి పలక.

ఆ మూల పోతే నూకరత్నానికి వేరే చోటు లేదు. సందంతా నిండిపోయి ఉంది. మూల పోయిందంటే మల్లెలూ పోతాయి, మల్లెలు పోతే ఇంట్లో పొయ్యి సంగతి ఏమిటో ఆవిడకి తెలుసు. ఆషాఢమాసం కదా, పెళ్ళిళ్ళు లేక డోలు గుడ్డ కప్పుకుని మూలన పడుకుంది.

ఊళ్ళో ఉన్న ఒక్క వడ్రంగీ ఎవరిదో మేడకి కిటికీలు చేసే పనిలో మునిగిపోయి, శ్రావణం వెళ్ళాక కనబడమన్నాడు. అప్పుడు నూకరత్నం ఇంటికొచ్చింది. గుమ్మంలో నిలబడి ఒక్క మాట అంది.

"బల్ల చెయ్యాలి."

ముత్యాలు అరుగు మీద నుంచి లేచి కూర్చున్నాడు. బల్లంటే ఏముంది, పైన చెక్క, కింద నాలుగు కాళ్ళు, దానికి వడ్రంగి ఎందుకు అన్నాడు. పెళ్ళిళ్ళలో ఎన్ని బల్లల మీద భోంచేశాడో, బల్ల సంగతి తనకి తెలిసినంతగా ఎవరికి తెలుసని కూడా అన్నాడు.

ముందు చెక్క వెతికారు. పెరట్లో కూలిపోయిన పశువుల పాకకి ఒకప్పుడు టేకు తలుపు ఉండేది. దాని రెక్క ఒకటి గోడకి చేరగిలబడి ఉంది. గట్టిది. కాకపోతే దానికి గొళ్ళెం ఉంది, గొళ్ళేనికి కడియమంత రింగు ఉంది. ముత్యాలు ఊడదీద్దామని లాగాడు, రాలేదు. కాలు తన్నిపెట్టి లాగాడు, రాలేదు. రామతులసి వెనక నుంచి తండ్రి నడుం పట్టుకుని తనూ లాగింది. గొళ్ళెం రాలేదు కానీ ఇద్దరూ వెళ్ళి అరటి పాదులో కూర్చున్నారు.

నూకరత్నం చూసి, ఉండనీ అంది. పూలు కావాల్సినవాళ్ళు గొళ్ళెం కొట్టి పిలుస్తారులే అంది రామతులసి, లంగాకి అంటిన బురద దులుపుకుంటూ.

తర్వాత కాళ్ళు వెతికారు. పాత పెళ్ళిపందిరి తాలూకు సరుగుడు కర్రలు అటక మీద ఉన్నాయి. నిటారుగా ఉన్నవి నాలుగు ఏరి దింపారు. కాళ్ళు ఎంత పొడుగుండాలని ముత్యాలు అడిగాడు.

మేక మూతికి అందనంత ఎత్తుండాలి, నిలబడితే తన చేతికి అందాలి. ఇదంతా నూకరత్నం మనసులో అనుకుంది. పైకి మాత్రం మూరన్నర అంది.

ఎవరి మూరో చెప్పలేదు. అదీ, అక్కడ పడింది ముడి.

మూరంటే నీకు తెలుసుగా? మోచెయ్యి దగ్గర్నుంచి నడిమి వేలి కొస దాకా. ఏదీ, నీ చెయ్యి చాపు. ఇదిగో, ఇది నీ మూర. ఇది నా మూర. చూశావా, రెండూ ఒకటి కావు. పూలమ్మే ఇంట్లో పుట్టినవాళ్ళకి, మెట్టినవాళ్ళకి కొలబద్ద అంటే చెయ్యే. ఆ ఇంట్లో ఇంకో కొలబద్ద లేదు, ఉండాలని ఎవరికీ తోచలేదు.

మొదటి కాలు ముత్యాలు కొలిచాడు. ఆయనది డోలుకి రెండు కొసలా అందే చెయ్యి, బారుగా ఉంటుంది. కొలిచి, రంపం పట్టాడు. వాయిద్యం అలవాటైన చేతులు కదా, రంపం కూడా తాళం వేస్తేనే కదిలింది. మొదట నెమ్మదిగా మొదలెట్టి, మధ్యలో జోరందుకుని, ముక్తాయింపు వేసేసరికి కర్ర తెగింది. వెంటనే చెమట తుడుచుకుని, ఒక కచేరీ అయింది కాబట్టి ఇంక భోజనం పెట్టమన్నాడు.

అప్పుడు రామతులసి రెండో కాలు తీసుకుంది. ఆ పిల్లది సన్నటి చెయ్యి, కొంచెం కురచ. తన మూరన్నర కొలుచుకుని, పళ్ళు బిగపట్టి కోసింది.

మూడో కాలు పేరంటాలు అడిగి తీసుకుంది. నన్ను వదిలేసి బల్ల చేస్తారా అంది. ఇప్పుడు చెప్తున్నా, ఇది గట్టిగా అనకూడని మాట. పేరంటాలు మూర ఒక ప్రత్యేకమైన మూర. మోచేతి దగ్గర మొదలవ్వాల్సింది మోచేతికి నాలుగు వేళ్ళు ఇవతలే మొదలయ్యేది. వేలి కొస దాకా వెళ్ళాల్సింది, కణుపు దాకా వెళ్ళి అలిసిపోయేది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆవిడ మల్లెలు అంత బాగుండేవి కాబట్టి ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఆవిడకి మాత్రం అది అసలైన మూర. దేవుడు ఆ కొలత పెట్టే తనకి చెయ్యి ఇచ్చాడని ఆవిడ నమ్మకం.

నాలుగో కాలు నూకరత్నం కొలిచింది. ఆవిడ మూర మూరే. కానీ ఆవిడకి ఒక అలవాటు. కొలవడం అయ్యాక జానెడు కొసరు వదిలి తెంపేది. పూలకి వదిలే చెయ్యి కర్ర దగ్గర మాత్రం ఊరుకుంటుందా? దానికీ కొసరు వదిలేసింది. ఆవిడకే తెలియదు.

ఊఁ అంటున్నావా? పడుకున్నావనుకున్నాను.

ఆ తర్వాత తలుపుని బోర్లా పడుకోబెట్టి, ఎవరి కాలు వాళ్ళు పట్టుకుని తలో మూలా నిలబడ్డారు. అత్తా కోడలూ ఎప్పటిలాగే ఎదురెదురు మూలల్లో. మధ్య మూలల్లో తండ్రీ కూతురూ. ముత్యాలు మేకులు కొట్టాడు. అవి కూడా తాళం మీదే. తాళం మొదలయ్యే సమం దగ్గర సుత్తి గట్టిగా పడేది, ఆ దెబ్బకి మేకు నేరుగా దిగేది. మిగతా దెబ్బలకి మాత్రం వంగి, వానపాములా ముడుచుకునేది. డబ్బాలో మేకులు అయిపోయేసరికి కాళ్ళు అతుక్కున్నాయి, ముత్యాలు బొటనవేలు గుమ్మడి పిందె అంత అయింది.

నలుగురూ పట్టి బల్లని తిప్పి నిలబెట్టారు.

నిలబడింది. కానీ ఒక పక్కకి బాగా ఒరిగి నిలబడింది. ఎవరో గోడ అవతల మాట్లాడుతుంటే చెవి పెట్టి వింటున్నట్టుగా.

నూకరత్నం వంటింట్లోంచి నిమ్మకాయ తెచ్చి బల్ల మధ్య పెట్టింది. అది ఆలోచించుకోలేదు కూడా. పేరంటాలు కాలున్న మూలకి దొర్లి కింద పడింది.

పెరడు ఎగుడుదిగుడుగా ఉందన్నాడు ముత్యాలు. బల్లని వసారాలోకి మోశారు. నిమ్మకాయ మళ్ళీ ఆ మూలకే వెళ్ళింది. తిప్పి పెట్టమంది పేరంటాలు. తిప్పారు. నిమ్మకాయ కూడా తిరిగి, ఆ మూలకే వెళ్ళింది. ఈసారి ఆవిడ ఒళ్ళోనే పడింది.

"మామ్మా, నిమ్మకాయకి నువ్వంటే ఎంత ప్రాణమో," అంది రామతులసి. "నీ కాలు ఎంత పొట్టిదైనా నిన్నే వెతుక్కుంటూ వస్తోంది."

ముత్యాలు చేతిలోంచి సుత్తి జారి కింద పడింది. పొట్టి అనే మాట ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ అనలేదు.

పేరంటాలు నిమ్మకాయ తీసి పక్కన పెట్టింది. కొంగు సర్దుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నా మూర పొట్టిదైతే, ఈ ఊళ్ళో పెళ్ళయిన ప్రతి ఆడదాని పూలజడా పొట్టిదే. వెళ్ళి చెప్పుకో."

చెప్పి, వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది. కాఫీ ఇస్తే వద్దంది. తనది సరైన కాలు కాబట్టి మిగతా మూడూ దాని కొలతకి కోసెయ్యమని గోడకి చెప్పింది. ముత్యాలు తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు, ఉసూరుమంటూ రంపం అందుకున్నాడు.

నూకరత్నం బల్ల పక్కన చతికిలబడింది. ఆవిడకి రెండు దారులే కనబడ్డాయి. అత్తగారి కాలి కొలతకి మూడూ కోస్తే బల్ల కిందికి దిగిపోతుంది, సరిగ్గా మేక మూతికి అందే ఎత్తుకి. అలాక్కాకుండా అత్తగారి కాలు కింద చెక్కముక్క పెడితే, శుక్రవారం నాడు సందంతా చూస్తుంది. ఆ కాలు ఎవరు కొలిచారని అడుగుతారు. అడిగి, నవ్వుతారు. ఇన్నాళ్ళూ మనసులో పెట్టుకున్నదంతా పైకి అంటారు.

నూకరత్నానికి పెళ్ళయి వచ్చిన కొత్తలో పూలముడి వెయ్యడం కూడా రాదు. పూలన్నీ జారిపోయేవి. అప్పుడు పేరంటాలు వెనక కూర్చుని, తన వేళ్ళ మీద కోడలి వేళ్ళు పెట్టించి నేర్పింది. ఒక్క మాట విసుక్కోలేదు. ఆ వేళ్ళనే ఇప్పుడు నలుగురిలో నవ్వులపాలు చెయ్యాలా? లేకపోతే మూల వదులుకోవాలా?

తల పట్టుకుని అలా అత్తగారి వైపు చూసింది. పేరంటాలు గోడ దగ్గర అలిగి కూర్చుని ఉంది. ఎప్పటిలాగే ఒక పక్కకి బాగా ఒరిగి. నూకరత్నం తల తిప్పి బల్లని చూసింది. అదీ ఒక పక్కకి బాగా ఒరిగి. మళ్ళీ అత్తని చూసింది. మళ్ళీ బల్లని చూసింది.

అప్పుడు ఆవిడ పెదాలు ఒక్కరవ్వ కదిలాయి.

"రంపం లోపల పెట్టెయ్యి," అంది మొగుడితో. "శుక్రవారం దీన్ని ఇలాగే తీసుకెళ్దాం."

ఇంకేమీ చెప్పలేదు. ఎందుకని అడిగితే పూలు గుచ్చుకుంటూ కూర్చుంది. ముత్యాలు కూతుర్ని పక్కకి పిలిచి, మేక భయం మీ అమ్మ తలకెక్కింది, తాయెత్తు కట్టించాలి అన్నాడు. పేరంటాలు కూడా గోడ మీంచి చూపు తిప్పి ఒకసారి కోడల్ని ఎగాదిగా చూసింది. బల్లని ఇలాగే తీసుకెళ్తే నిమ్మకాయ దొర్లుతుంది, చోటు పోతుంది, అది చంటిపిల్లకి కూడా తెలుసు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ఊరంతా పసుపు వాసన. ముత్యాలు బల్లని బోర్లించి తల మీద పెట్టుకుని, కాళ్ళు నాలుగూ ఆకాశం వైపు చూస్తుండగా బయలుదేరాడు. నడిచినప్పుడల్లా గొళ్ళెం ఠంగు ఠంగుమంటోంది. వెనక బుట్టతో నూకరత్నం. ఆ వెనక మనవరాలి భుజం పట్టుకుని పేరంటాలు. అలక తీరలేదు కానీ పండగపూట రాకుండా ఉండలేదుగా.

సందులోవాళ్ళు చూసి ఆగలేకపోయారు. ముత్యాలూ, ఇల్లు మారుతున్నావా, తలుపొక్కటే తెచ్చావేం అని ఒకడు. లోపల ఎవరైనా ఉన్నారా, కొట్టి చూడమంటావా అని ఇంకొకడు. ముత్యాలు బొటనవేలికున్న కట్టు చూసి, బల్ల కరిచిందా అని మూడోవాడు.

మూల దగ్గరికి వెళ్ళేసరికి గాజుల పాపయ్య అప్పటికే తన మడతబల్ల విప్పి నిలబెట్టేశాడు. నూకరత్నం బల్ల ఎలాగూ నిలవదని సందంతా తెలిసిపోయింది, అందుకని ముందుగా వచ్చానని ఆయనే అబ్బులుగారికి వివరంగా చెబుతున్నాడు. పక్కనే మేక. నూకరత్నం కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. బుట్టని రెండు చేతులా గుండెకి హత్తుకుంది.

అబ్బులుగారు జేబులోంచి నిమ్మకాయ తీశాడు. ముందు వచ్చిన బల్ల ముందు చూద్దామన్నాడు.

పాపయ్య బల్ల మీద నిమ్మకాయ పెట్టాడు. అద్దంలాంటి పలక కదా, నిమ్మకాయ జర్రున జారి కాలవ వైపు పడింది. పాపయ్య బల్లని అటు తిప్పాడు. నిమ్మకాయ మళ్ళీ కాలవ వైపే పడింది. అప్పుడు ఒక కాలు కింద రాయి పెట్టాడు. ఈసారి నిమ్మకాయ ఆగింది. పాపయ్య మొహం వెలిగింది. గాజులు కూడా పెట్టి చూపిస్తానని ఒక పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. రాయి పక్కకి తప్పుకుంది. గాజులు ఒకదాని వెనక ఒకటి నిలబడి, దొర్లుకుంటూ, గలగలమని పాడుకుంటూ కాలవలోకి దిగాయి.

పట్నంలో నేల చదునుగా ఉంటుందేమో అన్నాడు అబ్బులుగారు. కొబ్బరికాయలు పోయినవాడు కదా, గాజులు పోయినవాడి బాధ ఆయనకి తెలుసు. అందుకే నవ్వలేదు.

ఆ తర్వాత నూకరత్నం వంతు. ముత్యాలు బల్ల దింపి, కళ్ళు మూసుకుని, గుర్తొచ్చిన దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాడు. నూకరత్నం బుట్ట కూతురికి ఇచ్చింది. బల్ల చుట్టూ ఒకసారి తిరిగింది. అత్తగారి కాలుని గోడ వైపు, ఎత్తుగా ఉన్న మూలకి తిప్పించింది. తన కాలు దానికదే వెళ్ళి కాలవ వైపు, అన్నిటికంటే పల్లంగా ఉన్న మూలలో నిలబడింది. తండ్రీ కూతుళ్ళ కాళ్ళు మధ్యలో ఎక్కడివక్కడ సర్దుకున్నాయి. ఒక్క రామతులసి కాలు కింద ఒక్కరవ్వ సందు మిగిలింది. అక్కడ ఒక తమలపాకు మడిచి పెట్టింది.

బల్ల నిటారుగా నిలబడింది. గోడ అవతల మాటలు వినడం మానేసి, ఇటు తిరిగి బుద్ధిగా నిలబడింది.

అబ్బులుగారు నిమ్మకాయ పెట్టాడు. అది ఒకసారి ఇటు ఊగింది. అటు ఊగింది. ఆగింది. ఆయన దాన్ని తీసి ఈ మూలన పెట్టాడు. ఆగింది. ఆ మూలన పెట్టాడు. ఆగింది. ఆయన వంగి కాళ్ళు చూశాడు. ఒక్కో కాలూ ఒక్కో పొడుగు. లేచి, ఒళ్ళు విరుచుకుని అడిగాడు.

"ఏమ్మా నూకరత్నం, నేలని కొలిచి కాళ్ళు కోసినట్టుందే. ఈ కొలత ఎవరిది?"

సందంతా చెవులు ఇటు తిప్పింది. ముత్యాలు కట్టున్న వేలు వెనక్కి దాచుకున్నాడు. రామతులసి బుట్టలో పూలు సర్దడం మొదలెట్టింది. పేరంటాలు మాత్రం తల వంచుకుని, చెంగు కొసని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"మా అత్తది," అంది నూకరత్నం. "ఈ చోట ఏళ్ళ తరబడి కూర్చున్న మనిషి. ఆవిడ కొలిస్తేనే కదా దీనికి సరిపోయేది."

పేరంటాలు తల ఎత్తింది. కోడలి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నేను చెప్పను, నువ్వు పెద్దయ్యాక నీకే తెలుస్తుంది. ఆ తర్వాత ఆవిడ గొంతు సవరించుకుని అబ్బులుగారితో, మరేమనుకున్నావు అబ్బులూ, నా మూర అంటే ఊరికే మూరా అంది.

చోటు నిలిచింది. పాపయ్య ఎదుటి వరసలో తన పాత చోటుకే వెళ్ళాడు, అక్కడ నేల చదును. ఆయన అప్పట్నుంచి గాజులు తాడుకి గుచ్చి అమ్మడం మొదలుపెట్టాడు.

నూకరత్నం బల్ల మీద అరిటాకులు పరిచి, మల్లెలు ఒక పక్క, కనకాంబరాలు ఒక పక్క, మధ్యలో మరువం పెట్టింది. పెట్టి ఇంకా చెయ్యి తియ్యలేదు, మే అని వినబడింది.

మేక వచ్చింది. కింద వెతికింది, బుట్ట లేదు. పైకి చూసింది, మల్లెలు. ముందు కాళ్ళు రెండూ ఎత్తి, మెడ బారుగా చాచింది. నూకరత్నం పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు మేక కొమ్ము వెళ్ళి గొళ్ళెం రింగులో తగులుకుంది. మేక తల విదిల్చింది. ఎన్నాళ్ళ నుంచో ఊడని గొళ్ళెం ఠణ్‌మని సందంతా మోగింది. మేక జన్మలో అలాంటి చప్పుడు విని ఉండదు. ఒక్క గుంజు గుంజి కొమ్ము విడిపించుకుని, వెనక్కి తిరిగి చూడకుండా పాపయ్య బల్ల కింద దూరిపోయింది.

నూకరత్నం నవ్వింది. మొదట పెదాలతో, తర్వాత భుజాలతో, ఆ తర్వాత బల్ల అంచు పట్టుకుని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. ఆవిడ అంత నవ్వగలదని సందులో ఎవరికీ తెలియదు. అత్తగారికి కూడా తెలియదు.

అప్పుడే మొదటి బేరం వచ్చింది. పట్టుచీర కట్టుకుని, పేరంటానికి వెళ్ళే తొందరలో ఉన్న ఒక అమ్మాయి రెండు మూరల మల్లెలు అడిగింది. నేనిస్తానని పేరంటాలు ముందుకొచ్చి దండ అందుకుంది. తన మూర ఒకటి కొలిచింది. తన మూర ఇంకొకటి కొలిచింది. తెంపడానికి గోరు పెట్టింది.

పెట్టి, ఆగింది. కోడలి వైపు చూడకుండా, గోరుని ముందుకి జరిపింది. నాలుగు వేళ్ళు. ఇంకో నాలుగు వేళ్ళు. అక్కడ తెంపింది.

"కొసరు," అంది ఆ అమ్మాయితో.

ఆ అమ్మాయి ఆశ్చర్యపోయి, వాళ్ళమ్మకి చెప్పడానికి పరిగెత్తింది. మర్నాటి నుంచి పేరంటాలు మూర మళ్ళీ కణుపు దగ్గరే అలిసిపోయిందనుకో. అయినా ప్రతి శ్రావణ శుక్రవారం నాడు మాత్రం ఆ చెయ్యి తప్పకుండా పొడుగయ్యేదట. బల్ల మాత్రం ఆ మూల వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్తే ఒరుగుతుంది మరి.

ఊఁ కొట్టడం మానేశావా? సరే, మిగతాది నెమ్మదిగా అంటాను.

తలుపు పోయి బల్లాయె,
బల్ల నిండా మల్లెలాయె,
కొలత పోయి కొసరాయె,
మేక పోయి మూలనాయె.
కథ నడిచి కంచికెళ్ళె,
కునుకు నడిచి కంటికొచ్చె.